ఏడు సెంట్లలో ద్వారక: మాధవపెద్ది గోఖలే

సంక్రాంతి సెలవులకు ముందు చీరాలలో ఒక పాఠశాలవారు పిల్లలు చేసిన నమూనాల ప్రదర్శన పెట్టి నన్ను పిలిచినారు. పద్యం చెప్పుకొని బ్రతికేవానికి అట్టబొమ్మలతో పని యేమిటని సంకోచిస్తూనే వెళ్ళినాను. అక్కడ ఎనిమిదవ తరగతి బాలుడొకడు నేతవారి వీధి నొకదానిని కట్టి ఉంచినాడు. అట్టముక్కలతో పెంకుటిండ్లు, ఇసుకతో బాట, తెల్లని దారాలతో వీధి పొడుగునా చాచిన పడుగు, ఒక ఇంటిలో గుంటమగ్గం. అన్నీ ముచ్చటగానే ఉన్నవి. మగ్గం ముందు కూర్చున్న మట్టిమనిషి మాత్రం లేచి నిలుచుంటే తల ఇంటికప్పును చీల్చుకొని పైకి వచ్చేటట్లున్నాడు. నేను ఆ మాట అనకముందే బాలుడు సిగ్గుపడి, మనిషిని మొదట చేసి ఇల్లు తరువాత కట్టినాననీ, ఇంటిని ఎంత ఎత్తున కట్టవలెనో తెలియలేదనీ చెప్పినాడు.

మనిషికి ఇల్లెంత, ఇంటికి వీధి యెంత, వీధికి ఊరెంత అన్న ఆ ప్రశ్నతోనే ఏండ్ల తరబడి గడిపినవాడొకడు మన ప్రాంతంలోనే పుట్టినాడని వానికి చెప్పినాను. పేరు చెబితే వానికి తెలియలేదు. ప్రక్కనున్న ఉపాధ్యాయులలో ఇద్దరికి తెలిసినది. ఒకరు ఆయనను కథకుడుగా ఎరుగుదురు, మరొకరు చలనచిత్రాల కళాదర్శకుడుగా ఎరుగుదురు. ఆ ఇద్దరు గోఖలేలూ ఒక్కరేనన్న సంగతి వారికి ఆనాడే తెలిసినది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

తెనాలి నుంచి బాపట్లకు పోయే దారిలో పొన్నూరు ఉన్నది. ఆ పొన్నూరు పరిసరాలలోని పల్లె బ్రాహ్మణకోడూరు. మాధవపెద్దివారిది ఆ ఊరు. ఆ ఇంటిపేరు తెలుగు దేశానికి కొత్తది కాదు. రంగస్థలంపై దుర్యోధనుడుగా ఖ్యాతి గాంచిన వెంకటరామయ్యగారు మాధవపెద్దివారే. గాయకుడు సత్యంగారు 1922లో పుట్టినది ఈ ఊరిలోనే. అంతకు అయిదేండ్లు ముందు, 1917లో, గోఖలేగారు జన్మించినారు. దేశనాయకుడు గోపాలకృష్ణ గోఖలే మరణించి అప్పటికి రెండేండ్లయినది. తెలుగు పల్లెటూరి బిడ్డకు మహారాష్ట్రపు ఇంటిపేరు పేరుగా ఎందుకు వచ్చినదో ఊహించుకొనడం కష్టం కాదు. ఆ రోజులలో దేశభక్తి ఉయ్యాల తొట్లదాకా వచ్చినది.

ఆయనకు నాలుగేండ్ల వయస్సులో, 1921లో, బాపట్లకు దిగువనే ఉన్న మా చీరాలలో ఒక వింత జరిగినది. పురపాలక సంఘపు పన్నులకు తలవంచక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో జనం ఊరు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసుకొని, దానికి రామనగరమని పేరు పెట్టి, నెలల తరబడి కాపురమున్నారు. ఈ ఉదంతానికీ గోఖలేగారి జీవితానికీ నేరుగా సంబంధమున్నదని నేననడం లేదు. ఆకులతో, వెదుళ్ళతో ఒక నగరాన్ని నిలబెట్టవచ్చునన్నది ఈ నేలమీద పెద్దలు చెప్పుకొనే కథ అని మాత్రం గుర్తుచేస్తున్నాను.

చిన్న ఊళ్ళు కట్టే విద్య మన ఇండ్లలో ఎప్పుడూ ఉన్నది. సంక్రాంతి బొమ్మలకొలువు చూడండి. పీటలమీద, పెట్టెలమీద తెల్లని దుప్పటి పరచి మెట్లు కడతారు. క్రింద మట్టి పోసి ఆవాలో మెంతులో చల్లి మొలకెత్తిస్తే అది పచ్చని పొలం. అద్దపుముక్క చెరువు. ఇసుక కుప్ప కొండ. కొండపల్లి ఏనుగు ప్రక్కన అంతకు రెండింతలున్న మట్టిచిలుక కూర్చుంటుంది, దశావతారాల ప్రక్కన పోలీసువాడు నిలబడతాడు. ఎవరూ తప్పు పట్టరు. కొలువులో కొలత లేదు, భక్తీ వేడుకా ఉన్నవి. మా అమ్మ కొలువులో శ్రీకృష్ణునికంటె ఆయన ఆవు చిన్నది, ఆ ఆవుకంటె పాలకుండ పెద్దది. చిన్ననాడు నాకది లోపమని తోచనే లేదు. గోఖలేగారు పుట్టిన పల్లెలోనూ ఇట్టి కొలువులే ఉండి ఉంటవి. కాని ఆయన చేరవలసిన లోకంలో ఆ స్వాతంత్ర్యం లేదు. అక్కడ చూసేది అమ్మమ్మలూ పేరంటాండ్రూ కాదు, కెమెరా. దానికి దయాదాక్షిణ్యాలు లేవు.

ఆయన చిత్రకళను మద్రాసు కళాశాలలో అభ్యసించినారు. దేవీప్రసాద్ రాయ్ చౌదరిగారు దానికి 1929 నుంచి 1957 వరకు అధిపతి. చిత్రకారుడైనా శిల్పిగానే లోకం ఆయనను ఎక్కువగా ఎరుగును. మద్రాసు సముద్రతీరాన బండను కదిలిస్తున్న శ్రామికుల విగ్రహం ఆయన సృష్టియే. శిల్పి నడిపే పాఠశాలలో చదివిన చిత్రకారునికి వస్తువును ఒక్క ముఖం నుంచి గాక నాలుగు దిక్కులనుంచీ చూసే అలవాటు పడుతుంది. తరువాత గోఖలేగారికి అన్నం పెట్టిన విద్య ఆ చూపే.

చేత కుంచె ఉండగానే కలం కూడ పట్టినారు. 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘపు తొలి మహాసభ తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన తెనాలిలో జరిగినది. గోఖలేగారికి అప్పుడు ఇరవయ్యారేండ్లు. ఆ ఉద్యమపు గాలి సోకిన కథలు ఆయనవి. గుంటూరు సీమలోని దళితవాడల బ్రతుకును, ఆ వాడల మాటతీరులోనే కథలలోకి తెచ్చిన తొలితరంవారిలో ఆయన ఒకరు. బల్లకట్టు పాపయ్య పేరు కథాసాహిత్యం చదివినవారికి తెలిసినదే. మాండలికంలో పాత్రలచేత నాలుగు ముక్కలు పలికించడం ఆనాటికి కొత్త కాదు. కాని వినోదానికి గాక, గౌరవంతో, ఆ మాటలో ఆలోచన నడిపించడం వేరు. శిష్టుల కుటుంబంలో పుట్టి, శిష్టభాషలో చదువు నేర్చి, వాడ భాషను విని పట్టుకొనడానికి ఎంత చెవి కావలెనో భాష చెప్పేవాళ్ళకు తెలియును. విద్యార్థులు ఆ కథలను నెమ్మదిగా, గొంతెత్తి చదువుకోవలెనని నా కోరిక.

ఇక చలనచిత్రాల సంగతి. తెనాలికి చెందిన ఆలూరి చక్రపాణిగారు, నాగిరెడ్డిగారు కలిసి 1947 జూలైలో చందమామ పత్రిక ప్రారంభించినారు. విజయా సంస్థ పేర వారు తీసిన మొదటి చిత్రం షావుకారు, 1950లో వచ్చినది. దానికి కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఈ ఇద్దరి పేర్లు ఆనాటి నుంచి జంటగానే తెరమీద కనబడినవి. 1951లో పాతాళభైరవి, 1952లో పెళ్ళిచేసి చూడు, 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజార్, 1961లో జగదేకవీరుని కథ, 1962లో గుండమ్మకథ. ఈ పట్టికలో పాతాళగుహలున్నవి, దేవలోకాలున్నవి, అద్దె ఇండ్లూ ఉన్నవి. పాతాళగుహను ఎవరూ చూసి ఉండరు కాబట్టి కట్టడం సులభమేమో గాని, పల్లెలో ప్రక్కప్రక్కనున్న రెండు సంసారాల కథకు ఇండ్లు కట్టడం సులభం కాదు. ప్రతి ప్రేక్షకుడూ అట్టి ఇంటిలోనుంచే వచ్చి కూర్చున్నాడు. అరుగు రెండంగుళాలు ఎక్కువైనా కనిపెట్టగలడు. వాడల బ్రతుకును కథలలో పెట్టిన చేయి కనుకనే షావుకారు ఇండ్లకు పల్లె వాసన పట్టినదని నా నమ్మకం.

మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలయినది. కె. వి. రెడ్డిగారు దర్శకుడు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు. వెలుతురు పడక ముందే, నటుడు రంగు పూసుకొనక ముందే, ఆ చిత్రంలోని వేషాలు, కిరీటాలు, ఆభరణాలు గోఖలేగారి కాగితాలమీద రూపు దాల్చినవి. రామారావుగారి కృష్ణవేషం అంతకు ముందొక చిత్రంలో జనానికి రుచించలేదు. ఆ కారణంగా ఈసారి కిరీటంలోనూ, ఆహార్యంలోనూ ప్రత్యేక శ్రద్ధ తీసికొన్నారు. ఆ తరువాత తెలుగువారి ఇండ్లలో కృష్ణుడు ఏ రూపాన వెలసినాడో అందరికీ తెలిసినదే. ఘటోత్కచుని భోజన గీతం పాడినది మాధవపెద్ది సత్యంగారు. అనగా తెరమీద ఘటోత్కచుని రూపు తీర్చిన చేయి, ఆయనకు గొంతునిచ్చిన కంఠం రెండూ ఒక్క బ్రాహ్మణకోడూరివే.

ఆ చిత్రానికి ద్వారక కావలసివచ్చినది. సముద్రగర్భంలో కలిసిపోయినదని పురాణం చెప్పే నగరాన్ని ఎక్కడికి వెళ్ళి చూపగలరు? మద్రాసులోని చందమామ భవనాల ఆవరణలో 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడుగు గల చోటులో 300 చిన్న ఇండ్లు కట్టి, ఇంటింటికీ వేరుగా విద్యుద్దీపం అమర్చి, దానినే ద్వారక చేసినారు.

ఈ అంకెలను మన కొలతలలోకి మార్చి చూడవలెను. 50ని 60తో హెచ్చవేస్తే 3,000 చదరపు అడుగులు, అనగా దాదాపు ఏడు సెంట్లు. మా ఊరిలో ఒక మధ్యతరగతి గృహస్థుడు ఇల్లు, దొడ్డి, బావి పెట్టుకొనే స్థలం. దానిలో 300 ఇండ్లంటే వీధులు, ఖాళీలు అన్నీ కలుపుకొని ఇంటికి పది చదరపు అడుగులు. మూడడుగుల పీట కంటె ఎక్కువ కాదు. ఇంటి స్థలం నిజానికి ముప్పయి అడుగులనుకొంటే ఇది పదవ వంతు. ఆ నగరంలో మనిషి నడిస్తే అర అడుగు కంటె కొంచెం ఎక్కువ ఎత్తుంటాడు. ఇది నా లెక్కయే సుమా, కళాదర్శకుల లెక్క కాదు. దూరాన ఉన్న ఇండ్లను ఇంకా చిన్నవిగా కట్టి లోతు పుట్టించే పద్ధతి కూడ ఈ విద్యలో కలదు. రైలు పట్టాలు దూరాన కలిసినట్లు కనబడే కంటిభ్రమనే పనివాడు తన పరికరంగా చేసుకొంటాడు.

ఇట్టి నగరాన్ని కట్టడంలో కష్టమెక్కడున్నదో ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పదగినది. గోడ చిన్నదవుతుంది, తలుపు చిన్నదవుతుంది. కాని కొయ్యలోని చార చిన్నది కాదు, గుడ్డలోని పోగు చిన్నది కాదు, ఇసుకరేణువు చిన్నది కాదు. దానితో గుట్టు బయటపడుతుంది. కాబట్టి ఏ పదార్థం ఏ పదార్థంగా నటించగలదో తెలిసి ఉండవలెను. కెమెరాను ఆ బొమ్మ ఊరిలో మనిషి కన్ను ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున గాని, లేదా పక్షి ఎగిరే ఎత్తున గాని పెట్టవలెను. మామూలు మనిషి నిలుచుండి చూసే ఎత్తునుంచి చూస్తే బొమ్మరిల్లు బొమ్మరిల్లే. దగ్గరి ఇల్లు, దూరపు ఇల్లు రెండూ స్పష్టంగా కనబడవలెనంటే కటకపు రంధ్రాన్ని బాగా చిన్నది చేయవలెను, అప్పుడు వెలుతురు విస్తారంగా కావలసివస్తుంది.

అన్నిటికంటె చిక్కు కదలికతో వస్తుంది. పదహారడుగుల ఎత్తునుంచి రాయి పడడానికి పట్టే కాలం ఒకటి, ఒక్క అడుగు ఎత్తునుంచి పడడానికి పట్టే కాలం దానిలో నాలుగవ వంతు. ఎత్తు పదహారవ వంతయితే కాలం దాని వర్గమూలం చొప్పున తగ్గుతుంది. కాబట్టి పదహారవ వంతు నమూనాలో ఏదైనా కూలిపడితే సహజంగా కనబడడానికి సెకనుకు 24 చిత్రాలకు బదులు 96 తీయవలెను. నీటి విషయంలో ఈ ఉపాయం కూడ పూర్తిగా పారదు. నీటిబొట్టు తన పరిమాణాన్ని ఎవరికోసమూ మార్చుకొనదు. నిప్పు, పొగ అంతే. భౌతికశాస్త్రం చెప్పేవారు లోలకం పాఠం ప్రక్కన ఈ సంగతి చేరిస్తే పిల్లలకు వర్గమూలం మీద కొంత ప్రేమ కలుగవచ్చును.

ఈ విద్య లోకమంతటా ఉన్నది. డయోరమా అనే పేరును 1822లో పారిస్ నగరంలో లూయీ డగేర్, బూటన్ అనే ఇద్దరు వాడుకలోకి తెచ్చినారు. వారిది పెద్ద తెరమీద చిత్రించి వెలుతురుల మార్పుతో పగలును రాత్రి చేసి చూపే ప్రదర్శన. చిన్న బొమ్మలతో కట్టిన దృశ్యమన్న అర్థం తరువాత వచ్చినది. ఇంగ్లండులో విలియం సైబర్న్ అనే సైనికాధికారి 1830లో వాటర్లూ రణభూమికి వెళ్ళి, అక్కడి రైతు ఇంటిలో ఎనిమిది నెలలుండి, నేలను కొలిచి, మైలుకు తొమ్మిదడుగుల చొప్పున ఆ యుద్ధాన్ని తగరపు బొమ్మలతో కట్టినాడు. నడుమ ప్రభుత్వం డబ్బు ఆపివేస్తే అప్పుచేసి పూర్తిచేసి 1838లో లండనులో ప్రదర్శించినాడు. జనం విరగబడి చూసినా, ఆయన అప్పు తీరలేదు. నేటికీ ఆ నమూనా లండనులోని సైనిక సంగ్రహాలయానిది. మన దగ్గర నాగార్జునకొండ ఉన్నది. 1954 నుంచి 1960 వరకు త్రవ్వి వెలికితీసిన ఆ లోయ సాగరపు నీటిలో మునిగినది. మునిగిన లోయ రూపాన్ని కొండపైని సంగ్రహాలయంలో నమూనాగా కట్టి ఉంచినారు. విహారానికి తీసికొనిపోయిన పిల్లలు దానిని వదలి పడవ కోసం పరుగెత్తుతారు. నాకు ఆ నమూనా ముందే కాలు ఆగుతుంది.

నాగార్జునకొండ నమూనాకు అద్దాల గది దక్కినది. ఏడు సెంట్ల ద్వారక మాత్రం తెరమీదనే మిగిలినది. ఇక్కడ మరొక వింత. మాయాబజార్ కథలోనే ఘటోత్కచుని అనుచరులు క్షణంలో లేని ఊరిని నిలబెడతారు, పెండ్లివారు అది నిజమని నమ్మి విడిది చేస్తారు. కథలో రాక్షసులు చేసిన పనిని కథ వెలుపల వడ్రంగులూ, రంగులవారూ, దీపాలవారూ చేసినారు. ఆ చిత్రానికి పనిచేసిన అట్టివారు వందల సంఖ్యలో ఉన్నారు. తెరమీద పేర్లు కొద్దిమందివే.

గోఖలేగారిని సినిమా మింగివేసినదని, లేకుంటే ఇంకెన్ని కథలు వచ్చేవో అని సాహిత్యం చెప్పుకొనేవాళ్ళం తరచు వాపోతూ ఉంటాము. నేనూ ఒకప్పుడు తరగతిలో అట్లాగే చెప్పేవాడిని. నష్టం లేదని ఇప్పుడూ అనను. వాడ భాషను అంత శ్రద్ధగా విన్నవాడు మరో ఇరవయ్యేండ్లు వ్రాసి ఉంటే మన కథకు ఒక దారి ముందుగానే తెరుచుకొనేది. సినిమా డబ్బుకు లొంగినాడని పెదవి విరిచేవారితో మాత్రం నేను ఏకీభవించలేను. రైతుకూలీ గుడిసెను కథలో పెట్టేటప్పుడు ఏది ఉంచవలెను, ఏది వదలవలెను అని ఎంచుకొన్న మనిషే ద్వారకలో ఏ కిటికీలో దీపం కనబడవలెనో ఎంచుకొన్నాడు. మనం ఆ ద్వారకను చూసి చప్పట్లు కొట్టి, కట్టినవాని పేరు అడుగకుండా ఇంటికి వచ్చినాము. కథాచరిత్రలలో ఆయనకు దొరికేది ఒకటి రెండు వాక్యాలు, చలనచిత్ర చరిత్రలలో అంతే. రెండు పుస్తకాలలోని వాక్యాలను కలిపి చదివినవారు అరుదు. ఆ తప్పులో మా అధ్యాపకుల వాటా తక్కువ కాదు.

గోఖలేగారు 1981లో కాలధర్మం చెందినారు. చక్రపాణిగారు 1975లోనే వెళ్ళిపోయినారు, కె. వి. రెడ్డిగారు అంతకు మూడేండ్ల ముందు. మాయాబజార్‌కు 2010 జనవరిలో రంగులద్ది మళ్ళీ విడుదల చేసినారు. నలుపు తెలుపులకై లెక్కవేసి కట్టిన నగరానికి రంగు నప్పినదా లేదా అన్నది వేరే చర్చ. నాకు పాతదే ఇష్టం.

ప్రదర్శన జరిగిన నెలకు ఆ పాఠశాలవారే ఒక శనివారం మధ్యాహ్నం పిల్లలకు ఆ చిత్రం పాత ప్రతిని వేసి చూపినారు. ద్వారక వచ్చినచోట నిలిపివేయమన్నాను. నేతవీధి కట్టిన బాలుడు తెర దగ్గరకు పోయి వ్రేలితో ఇండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టినాడు. నలభై దాటేసరికి లెక్క తప్పినది, మళ్ళీ మొదటికి వచ్చినాడు. వెనుకనుంచి పిల్లలు కేకలు వేస్తే చిత్రం నడిచినది. చివర వాడు నా దగ్గరకు వచ్చి, తన వీధిని మరల కడుతున్నాననీ, మట్టిమనిషిని మార్చలేదనీ, వాని ఎత్తునుబట్టి గుమ్మం కొలిచి, గుమ్మాన్నిబట్టి గోడ లేపుతున్నాననీ చెప్పినాడు. పడుగు దారాలు మాత్రం లావుగా కనబడుతున్నవట, అంతకంటె సన్నని నూలు ఎక్కడ దొరుకుతుందని అడిగినాడు. చీరాలలో ఉండి నన్నడుగుతున్నావేమిరా అని, మగ్గాలున్న వీధికి వాణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళినాను.